రెండోది ఉన్నదనే సారు

మొన్న పొద్దున్నే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ముందుగదిలోంచి ఒక గొంతు వినబడింది. మొదట ఒక దగ్గు, తర్వాత ముక్కు లోపలికి ఒక పీల్పు, ఆ తర్వాత "ఓకేనా?" అనే మాట. నా చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి మళ్ళీ నా గడప తొక్కాడనుకున్నాను. చీపురు అందుకునే లేచాను.

మనిషి కాదు, ఫోను. మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళ పిల్ల నవ్య నా ముందుగదిలో కూర్చుని చదువుకుంటుంది. వాళ్ళింట్లో ఎప్పుడూ టీవీ మోత, నా ఇంట్లో ఏ మోతా ఉండదు. ఆ పిల్ల ఏదో కంప్యూటరు పరీక్షకు తయారవుతోంది. కంప్యూటర్లకు కాపలా కాసే నౌకరీకి అది మొదటి మెట్టట. ఒకప్పుడు నా మనవరాలు రవళి చదివింది కూడా ఆ పరీక్షకే. అందులో బిజినెస్ కంటిన్యూటీ అని ఒక పాఠం ఉంటుంది. ఏ ఆపద వచ్చినా పని ఆగకుండా ముందే ఎలా ఏర్పాటు చేసుకోవాలో చెప్పే పాఠం. ఫోనులో అతను దాన్నే చెబుతున్నాడు. మెడకు టై, ఒంటి మీద కోటు, వెనక అద్దాల గోడ. కోటు వేసుకుంటే ఏమవుతుంది? ముక్కు అదే ముక్కు.

"మా ఖనిల ఒక అవ్వ ఉండె," అని మా ఊరి పేరెత్తి ఏదో కథ మొదలుపెట్టాడు.

నవ్య ఫోను ఆపి నా వైపు తిరిగింది. "అవ్వా, గీ సారు ఒకప్పుడు నీ ఇంట్లనే కోచింగ్ పెట్టిండట గదా. గాయిన చెప్పే అవ్వ నువ్వేనా?"

చీపురు మూలన పెట్టాను. వెళ్ళి మళ్ళీ చిక్కుడుకాయల ముందు కూర్చున్నాను.

అతని పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే పక్కన గారు అని రాయాల్సి వస్తుంది. సారు అంటే చాలు. మా దగ్గర సారు అనిపించుకోవడానికి పెద్ద అర్హతేమీ అక్కర్లేదు, జేబులో పెన్ను ఉండాలి, అంతే.

గది కిరాయికి అడగడానికి వచ్చిన రోజే నాకు అతనంటే ఏవగింపు మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోంచి మోటారుసైకిలు తాళంచెవుల గుత్తి తీసి, అందులో ఒకదాన్ని చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. ఒక కన్ను మూసి, నోరు పక్కకు లాగి, ఆ సుఖమంతా నా ఎదురుగానే అనుభవించాడు. బయటికి తీసి దాన్ని చూసుకున్నాడు. ప్యాంటుకు తుడిచాడు. గదిలో దిగిన రోజు సమోసాలు తెచ్చి, అదే తాళంచెవితో పొట్లం దారం తెంపి "తీస్కో అవ్వా" అని ఒకటి నా ముందు పెట్టాడు. ఉపవాసమన్నాను. ఆ రోజు మంగళవారం కూడా కాదు. ఆ తాళంచెవిని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పని పడుతుంది.

మరి గది ఎందుకిచ్చావంటే, రవళి కోసం. నా కొడుకు గోలేటిలో బొగ్గుబాయిల మీద పనిచేస్తాడు. అక్కడ ఇలాంటి కోచింగులు లేవు. డిగ్రీ అయిపోయిన పిల్ల నా దగ్గరుండి చదువుకుంటానని వచ్చింది. బడి ఇంట్లోనే ఉంటే ఆటోలెక్కి తిరిగే పని తప్పుతుందని నేను లెక్క వేసుకున్నాను. పొదుపు చూసుకుని మనిషిని చూసుకోలేదు.

అతను పుట్టుకతో సారేమీ కాదు. ఇంజినీరింగు చదివి, ఏ నౌకరీ దొరకక, తండ్రి నౌకరీ ఎక్కాడు. బొగ్గుబాయిల ఊళ్ళలో అది మామూలే. తండ్రికి ఒంట్లో సత్తువ పోయి 'అన్‌ఫిట్' అయితే ఆ జాగాలో కొడుకు దిగుతాడు. ఏం చదివావని అక్కడ ఎవరూ అడగరు. పగలు బాయిలో బొగ్గు మసి, సాయంత్రం నా గదిలో తెల్ల చొక్కా. కష్టపడే మనిషే, అది కాదనను. కష్టపడినంత మాత్రాన మనిషి మంచివాడైపోడు.

నేను చదివింది మూడో తరగతి. కానీ ఆ గదికీ నా వంటింటికీ మధ్య తలుపు లేదు, పరదా ఒక్కటే. సాయంత్రం బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఆ పాఠం విన్నాను. బ్యాచి మారినప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచీ విన్నాను.

"ముందుగల ఏం చెయ్యాలె?" అని అరిచేవాడు. "ఏ పని ఆగితే కొంప మునుగుతదో గది ఎరుక చేసుకోవాలె. అన్ని పనులు ఒక్క తీరు కాదు. దవాఖానల చీటీలు రాసేటోడు రాకుంటే జనం జరసేపు ఆగుతరు. ఆక్సిజన్ బంద్ అయితే ఆగుతరా?"

"ఆగరు సార్."

"గందుకే ఏది ఎంతసేపు ఆగొచ్చు, ఎవలు చూడాలె, గాయిన లేకుంటే ఇంకెవలు చూడాలె, అన్ని ముందే ఖరారు చేసుకోవాలె. ఆపద నెత్తి మీదికి వచ్చినంక కూసొని సోంచాయించుడు కాదు. ఓకేనా?" ముక్కు ఒక పీల్పు. "పని ఆగకుంట నడుపుకునుడు కంటిన్యూటీ. పడిపోయిన మిషిన్లను మళ్ల లేపుడు రికవరీ. రెండు కలిపి అడిగి మిమ్ముల ఆగం చేస్తరు, జాగ్రత్త. ఇగ అన్నిటికన్న ముందు ఏంది?"

"మనిషి పానం సార్!"

"పానం. మిషిను తర్వాత, డేటా తర్వాత. ప్రశ్నల యాడ మనిషి కనవడ్డా గదే ఆన్సరు. కండ్లు మూసుకొని టిక్కు పెట్టుర్రి."

పాఠం తప్పని నేననను. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. అది విన్నాకే నా ఇంటి తాళంచెవి రెండోది మేడ మీద వాళ్ళ దగ్గర పెట్టాను. నల్లా రాని రోజు కోసం ఒక బిందె ఎప్పుడూ నింపి ఉంచుతున్నాను. మంచి మాట ఆ నోట్లోంచి రావాల్సి వచ్చిందే అని నాకు రోత. ఆ నోట్లో ఎప్పుడూ ఖైనీ ఉండేది. గోడవారగా చాయ్ తాగిన కాగితపు గ్లాసు పెట్టుకుని పాఠం మధ్యలో అందులో ఉమ్మేవాడు. వేళ్ళు నా పరదాకు తుడిచేవాడు. చెయ్యి తుడుచుకోవడానికే ఆ పరదా కట్టానన్నట్టు, ప్రతిసారీ అదే మూల.

గదిలో అన్నింటికీ రెండోది పెట్టాడు. నెట్టు రెండు, మౌసులు రెండు, ఇన్వర్టరుకు బ్యాటరీలు రెండు. పిల్లలు ఏం అడిగినా ఒకటే జవాబు.

"సార్, కరెంటు పోతే?"

"ఇన్వర్టరున్నది."

"గదీ పోతే సార్?"

"ఫికర్ చెయ్యకుర్రి. రెండోది ఉన్నది."

ఆ మాట అంటూ రెండు వేళ్ళు గాల్లో ఆడించేవాడు, గెలిచిన లీడరులా.

ఇన్ని జాగ్రత్తలున్న మనిషికి వెళ్ళేటప్పుడు స్విచ్చి కట్టేయడం మాత్రం రాదు. లైట్లు, ఫ్యాన్లు, కంప్యూటర్లు అన్నీ అలాగే వదిలేసి బండెక్కేవాడు. నేను వెళ్ళి ఇన్వర్టరుతో సహా గది మొత్తానికి ఉన్న పెద్ద స్విచ్చి కట్టేసేదాన్ని. గదిలో దిగిన మొదటి రోజు నుంచీ ఇదే. ఇది అతనికి తెలియదా అంటే బాగా తెలుసు. ఒకరోజు పిల్లలతో బోర్డు మీద ఆపదలు రాయించాడు. వాళ్ళు వరద, అగ్గి, దొంగలు, కరెంటు అని రాశారు. చివర అతను పెద్ద అక్షరాలతో 'అవ్వ' అని రాశాడు.

"అన్నిటికన్న డేంజరు గీమె. ఏ టైముల ఏది బంద్ చేస్తదో దేవునికే ఎరుక!"

పిల్లలు నవ్వారు. నేను పరదా తొలగించి, "బిల్లు నీ అయ్య కడ్తడా?" అన్నాను.

"చూసిన్రా? లైవ్ డెమో," అన్నాడు.

దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. నన్ను అంటే తిరిగి అనగలను. కానీ ఇంకో రోజు సంగతి ఉంది.

అతని తండ్రి అప్పుడప్పుడు వచ్చి నా ముందు మెట్ల మీద కూర్చునేవాడు. కొడుక్కి టిఫిను డబ్బా తెచ్చేవాడు. బాయిలో పనిచేసి రెండు మోకాళ్ళూ పోగొట్టుకున్న మనిషి, చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. ఆ సాయంత్రం లోపల పాఠం నడుస్తోంది.

"కంటిన్యూటీ అంటే ఏందో మన ఖని లెక్కల చెప్తున్న, ఇనుర్రి," అన్నాడు సారు. "ఒక మిషిను అరిగిపోయింది. తీసి పక్కకు పెట్టిన్రు. గా జాగల కొత్త మిషిను దింపిన్రు. ఒక్క పూట గూడ పని ఆగలే. పాత మిషిను గాడ మెట్ల మీన కూసున్నది, సూడుర్రి. మా బాపు. కొత్తది నేను."

పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్ళు నవ్వితే నవ్వారు, బయట మెట్ల మీద ఆ ముసలాయన కూడా నవ్వాడు. నాకు చూడబుద్ధి కాలేదు. చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను.

"ఏం తమ్మీ, గట్ల అంటుంటె నవ్వుతవేంది?"

"పాఠం చెప్తుండు గదక్కా," అన్నాడు. "పోరగాండ్లకు సమజ్ గావాలె గద మరి."

నీళ్ళు తాగి, మోకాలు పట్టుకుని లేచి, టిఫిను డబ్బా గడప లోపల పెట్టి వెళ్ళిపోయాడు. మా ఆయన కూడా ఆ బొగ్గులోనే నడుములు విరగ్గొట్టుకున్నవాడు. రాత్రిళ్ళు ఆయన వీపుకు కాపడం పెట్టిన చేతులు ఇవి. నేను ఎంత కోపంలో ఉన్నా ఆయన్ను మిషిను అనుకోలేదు. మనిషి పానం ముందు అని పిల్లల చేత అరిపించిన నోరూ అదే, తండ్రిని పక్కకు పెట్టిన ఇనుము అన్న నోరూ అదే. మధ్యలో ఒక్క ముక్కు పీల్పు, అంతే తేడా.

ఇక పరీక్ష సంగతి.

ఆ సారి ఆ పరీక్షను ఉచితంగా రాయనిస్తున్నారు, కానీ ఒక్కసారే. ఎవరి కంప్యూటరు ముందు వాళ్ళు కూర్చోవాలి, కెమెరా చూస్తూ ఉంటుంది. పరీక్ష తెరుచుకోవాలంటే ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, చెప్పిన టైములోగా ఆ అంకెలు కొట్టాలి. ఆ బ్యాచిలో అయిదుగురు పిల్లలు. అయిదుగురి పేర్ల మీదా సారు తన ఫోను నంబరే ఇచ్చాడు.

రవళి అడిగింది. "సార్, నాకు నా నంబరే పెట్టుకుంట సార్."

"ఎందుకు? మంచిర్యాల కోచింగోడు చెయ్యి ఊపంగనే ఎగిరి పోతందుకా?"

"పోను సార్. మీ నంబరు ఉండనియ్యుర్రి, రెండోది నాది పెట్టుర్రి."

"గవన్ని అవసరం లేదు. నేను యాడికి పోత? పరీక్షనాడు మీ పక్కన్నే కూసుంట."

అన్నింటికీ రెండోది పెట్టినవాడు ఇక్కడ మాత్రం పెట్టలేదు. పెడితే పిల్లలు తన గుప్పిట్లోంచి జారిపోతారని భయం. నేను పరదా ఇవతల విన్నాను. ఇది సరిగా లేదని నాకే అనిపించింది. రవళి మాత్రం సారు మాట సారు మాటే అంది. హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళు, ఈ పరీక్ష పాసైన కాగితం చూపిస్తే వచ్చి చేరమన్నారు. పిల్ల ఆ ధ్యాసలో అన్నం కూడా నిలబడే తినేది.

పరీక్ష ఆదివారం. గది ఊడ్చి, కుర్చీలు తుడిచాను. పిల్లలు అయిదుగురూ తలలు దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. సారు రాలేదు. కాసేపటికి కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. నెట్టు ఆగింది. రెండో నెట్టు అందుకుంది. అతను చేసిన ఏర్పాట్లన్నీ చెప్పినట్టే పనిచేశాయి. ఒక్క అతనే లేడు.

కంప్యూటర్లు అంకెలు అడుగుతున్నాయి. రవళి ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. చివరికి అతని తండ్రికి చేసింది.

"గాడికి ప్లేడే పడ్డది గద బిడ్డా. పొద్దుగాల్నే బాయికి పోయిండు. మీకు చెప్పలేదా?"

ప్లేడే అంటే సెలవు రోజు డ్యూటీ. ఒక రోజు పనికి రెండు రోజుల జీతం. కావాలన్నప్పుడల్లా రాదు, వచ్చినవాడు వదలడు. మా ఆయనా వదిలేవాడు కాదు, కానీ ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే ముందు వాళ్ళింటికి వెళ్ళి చెప్పి పోయేవాడు. ఈ పెద్దమనిషి ఎవరికీ చెప్పలేదు. తర్వాత తెలిసింది, ముందురోజు సాయంత్రమే అయిదు కంప్యూటర్లూ తెరిచి, తన ఫోనుకొచ్చిన అంకెలు కొట్టి, పరీక్ష గడప దాకా తెచ్చి వదిలేసి పోయాడట. పొద్దున ఒక్క బటను నొక్కితే చాలని. నేను ఎప్పటిలాగే స్విచ్చి కట్టేశాను. దాంతో అన్నీ మొదటికొచ్చాయి. బోర్డు మీద నన్ను ఆపదగా రాసినవాడికి ఆ ఆపద రోజూ ఏ పని చేస్తుందో తెలియదా?

"ఫోను యాడున్నది తమ్మీ?" అని రవళి చేతిలోంచి ఫోను లాక్కుని అడిగాను.

"లోపటికి తీస్కపోనియ్యరు గదక్కా. బండి డబ్బాల పెట్టి దిగుతడు."

అది నిజమే. బాయిలో గ్యాసు ఉంటుంది, నిప్పురవ్వ భయానికి ఫోనులు పైనే వదలాలి. పిల్లలు కెమెరా ముందు నుంచి లేవడానికి లేదు. నేను చెప్పులు వేసుకుని బయల్దేరాను. షేరు ఆటో కోసం ఆగలేదు. నా ఒక్కదాని కోసం ఆటో మాట్లాడుకోవడం నా బతుకులో అదే మొదలు.

బాయి దగ్గర బండ్ల స్టాండులో వరుసలు వరుసలుగా మోటారుసైకిళ్ళు. కాపలా మనిషి కుర్చీలోంచి లేచాడు.

"ఎవలు గావాలవ్వా?"

"సారు బండి యాడున్నది?"

"ఏ సారు? ఈడ అందరు సార్లే."

"ముక్కు పీలుస్తడు. తాళంచెవి చెవుల పెట్టుకొని తిప్పుతడు."

"ఆఁ, గాయినా!" అని నేరుగా ఆ బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

బండికి పక్కన బిగించిన ఇనప డబ్బా. దానికి తాళం. లోపలి నుంచి ఫోను గరగరమంటోంది. ఆగడం, మళ్ళీ గరగరమనడం. ఇంటి దగ్గర పిల్లలు నొక్కినప్పుడల్లా ఇక్కడ ఆ డబ్బా వణుకుతోంది. నా మనవరాలి నౌకరీ ఆ డబ్బాలో కొట్టుకుంటోంది. దాని తాళంచెవి భూమి అడుగున, ఆ మనిషి జేబులోనో చెవిలోనో ఉంది.

"లోపటికి కబురు పంపు తమ్మీ."

"బాయి లోపటి ఫోనుకు చేసి చెప్పిపిస్త గని అవ్వా, గాయిన పనిజాగ శాన దూరం. నడిచి పైకొచ్చేటాళ్లకు షిఫ్టే దిగుతది."

కింద చూస్తే పిడికెడు కంటే పెద్ద బండరాయి కనబడింది. చేతిలోకి తీసుకున్నాను. అతను నన్ను చూశాడు, రాయిని చూశాడు.

"నేను చాయ్ తాగస్త అవ్వా," అని వెళ్ళిపోయాడు. బుద్ధిమంతుడు.

తాళం ఊడేదాకా కొట్టాను. లోపల ఖైనీ పొట్లాలు, గట్టిపడిన చేతిరుమాలు, ఒంటి మేజోడు, వాటి మధ్య ఫోను. ఆ వాసన ఇప్పుడు తలుచుకున్నా నాకు అన్నం సహించదు. చీర కొంగుతో పట్టుకుని తీశాను. అద్దం పగిలి ఉంది, నా రాయి దెబ్బకేనేమో. ఫోనుకు తాళం వేసే ఉన్నా, వచ్చిన మెసేజీ పైన కనబడుతోంది. అంకెలు నాకు వచ్చు. బస్సు నంబరు చూసి ఎక్కేదాన్ని, కరెంటు మీటరు చదివేదాన్ని. ఎండ పడకుండా ఫోను మీద కొంగు కప్పి, నా చిన్న ఫోను చెవిన పెట్టుకుని, రవళికి ఒక్కో అంకె చదివాను.

"జల్ది చెప్పు బాపమ్మా, జరసేపైతే గది పని చెయ్యది."

ఒకసారి ఏడును ఒకటి అని చదివాను. మళ్ళీ నొక్కించాల్సి వచ్చింది. ఒక్కొక్క పిల్లా పరీక్ష లోపలికి వెళ్ళింది. లోపలికి వెళ్ళినవాళ్ళ చేతిలో ఫోను కనబడకూడదు, కెమెరా పట్టేస్తుంది. ఫోను రవళి చేతిలో ఉంది. కాబట్టి రవళి చివరికి ఆగాలి.

"నీది గూడ కొట్టు బిడ్డా, మధ్యల నీది కొట్టు," అన్నాను.

"నేను లోపటికి పోతే వీళ్లకు అంకెలు ఎవలు చెప్తరు బాపమ్మా? వీళ్లయి కానియ్యి."

నలుగురి అంకెలూ అయ్యాయి.

"ఇగ నాది. నొక్కిన. చూడు బాపమ్మా."

కొంగు కింద చూస్తూ నిలబడ్డాను. ఫోను గరగరమనలేదు. చెయ్యి ఆడించి చూశాను. అద్దం తుడిచాను.

"ఇంకోసారి నొక్కు బిడ్డా."

అటు నుంచి గుసగుసగా అంది, "ఇగ రాదు బాపమ్మా. టైమై పోయిందని పడ్డది."

నేను ఇంటికి వచ్చేసరికి పిల్ల బయట మెట్ల మీద, సారు తండ్రి కూర్చునే చోటే కూర్చుని ఉంది. గల్లీ కుక్క మొరగకుండా దానికి రొట్టె ముక్కలు వేస్తోంది. నన్ను చూసి నోటి మీద వేలు పెట్టుకుంది.

"నిమ్మళంగ రా. వాళ్లు రాస్తున్నరు."

షిఫ్టు దిగాక సారు వచ్చాడు. స్నానం చేసి, మెడకు పౌడరు రాసుకుని, తెల్ల చొక్కా వేసుకుని. మొదటి మాట నాతోనే.

"డబ్బా పలగ్గొట్టినవా అవ్వా? నువ్వు స్విచ్చి బంద్ చెయ్యకుంటే గింత లొల్లి అయ్యేదా?" అని నా జవాబు వినకుండానే పిల్లల వైపు తిరిగాడు. "ఎంతమంది రాసిన్రు?"

"నలుగురు సార్."

"గిదే మరి కంటిన్యూటీ! ఇంత ఆపద వచ్చినా నలుగురు రాసిన్రు, పని ఆగిందా? గీ పాటి నష్టం ముందే ఒప్పుకొని ఉండాలె. దీన్ని ఏమంటరు? రిస్క్ యాక్సెప్టెన్స్. వచ్చిందా ప్రశ్న?"

ఆ పాటి నష్టం అతని ఎదురుగానే, గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఒప్పుకున్నది ఎవలు సార్?" అంది రవళి.

గట్టిగా కూడా అనలేదు. అతను జేబులోంచి తాళంచెవి తీసి చెవిలో పెట్టుకున్నాడు. ఒక కన్ను మూసుకున్నాడు. "నువ్వు మంచిగ చదువుతవ్ రవళీ," అన్నాడు. "మళ్లొక్కసారి కొడ్తవ్ తియ్యి."

మళ్ళీ ఒకసారి లేదని ఆ గదిలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే.

"రేపటికల్లా నా గది ఖాళీ చెయ్యి," అన్నాను.

బతిమాలుతాడనుకున్నాను. కనీసం కోపమైనా వస్తుందనుకున్నాను. రెండు వేళ్ళు గాల్లో ఆడించాడు. "ఫికర్ చెయ్యకు అవ్వా. రెండోది ఉన్నది." మెయిను రోడ్డు మీద ఇంకో గది అతను అంతకుముందే మాట్లాడి పెట్టుకున్నాడు. నాకు చెప్పలేదంతే. అతను నా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేనూ ఒక కరెంటు తీగనే, తెగితే ఇంకోటి తగిలించుకోవడానికి.

నేను చింకి గుడ్డ కూడా పారేసే మనిషిని కాను. చిరిగిన చీర బొంతవుతుంది, బొంత మసిగుడ్డవుతుంది. ఆ పరదాను మాత్రం ఉతకలేదు. పొయ్యిలో పెట్టాను. ఆ మంటతో ఒక కడవ నీళ్ళు కాగాయి, అంతవరకు పనికొచ్చింది.

నలుగురు పిల్లలూ పాసయ్యారు. ఎక్కడున్నా బాగుండాలి, వాళ్ళ తప్పేముంది? రవళిప్పుడు మంచిర్యాలలో ఒక దవాఖానలో కూర్చుని, వచ్చినవాళ్ళకు చీటీలు రాసిస్తుంది. అది రాకపోతే జనం జరసేపు ఆగుతారు. ఆ రోజు గురించి నాతో ఎప్పుడూ ఎత్తదు. నేనూ ఎత్తను. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఉందని ఇద్దరికీ తెలుసు.

చిక్కుడుకాయలు కడుగుతుంటే నవ్య ఫోను పట్టుకుని వంటింట్లోకే వచ్చింది.

"అవ్వా, మొత్తం ఇను. మస్తు చెప్పిండు."

వద్దనేలోపు నొక్కింది. దగ్గు, పీల్పు, ఆ గొంతు.

"నేనేమో బాయిల ఉన్న. ఫోను బండి డబ్బాల ఉన్నది. మరెట్ల? నేను ముందే సోంచాయించిన. పైన అవ్వను నిలబెట్టిన. డబ్బా పలగ్గొట్టైనా సరే, అంకెలు చదివి చెప్పవ్వా అని చెప్పి పెట్టిన. ప్లానంటే గట్లుండాలె. ఆ రోజు గా అవ్వ మనవరాలు, నా పిల్లలు అందరికందరు పరీక్ష రాసిన్రు. ఓకేనా?" కింద చప్పట్ల బొమ్మలు వరసగా పైకి లేచాయి.

బోర్డు మీద ఆపదగా రాసిన నన్ను ఇప్పుడు తన ప్లానులో నిలబెట్టుకున్నాడు. అది కూడా పోనీ అనుకుందును. నా చేతిలో రాయిని తన తెలివి చేసుకున్నా పోనీ అనుకుందును.

"చెప్పవ్వా, గా అవ్వ నువ్వే గదా?" నవ్య కళ్ళు మెరుస్తున్నాయి. నేను ఔనంటే మేడ మీదికి పరుగెత్తి వాళ్ళమ్మకు చెప్పేలా ఉంది.

"నేను గాదు."

"మరెవలు?"

"ఎవలో. గామె మనవరాలు పరీక్ష రాసిందట గదా. నా మనవరాలు రాయలే."